ఈనిన తల్లి

ఎనుములో లోపం ఉంటే అమ్మేవాడు ముందు దూడను పొగుడుతాడు. బళ్ళారి పశువుల సంతలో గేదెల దలాలి చేస్తూ జుట్టు నెరిసిపోయిన కెంచమ్మకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే వియ్యపురాలు నాగలక్ష్మమ్మ వచ్చి కూర్చుని, ఇల్లు చల్లగా ఉందని, టీ బాగుందని, చివరికి వాకిట్లో కట్టేసిన ముసలి ఎనుము కూడా కళగా ఉందని అనేసరికి, కెంచమ్మ కొంగు బొడ్లో దోపుకుని సర్దుకుని కూర్చుంది. లోపం ఏదో బయటికి రాబోతోంది.

"నీ చేతి టీ తాగితే ఎమ్మిగనూరు దాకా ఆకలి కాదు వదినా," అంది నాగలక్ష్మమ్మ.

"ఆకలి సంగతి ఉండనీ. ఆ ఎనుమును పొగిడినావంటే పని పెద్దదే అయ్యుంటాది. చెప్పు."

నాగలక్ష్మమ్మ నవ్వలేదు. ఎమ్మిగనూరులో వరి మడులూ చెరకు తోటా, పైగా లారీలూ ఉన్న ఇంటి పెద్ద ఆమె. కెంచమ్మ కూతురు అనుపమ ఆమె కొడుకు జగదీశ్‌కు పెళ్ళాం. అనుపమకు ఏడో నెల నడుస్తోంది. శుక్రవారం ఎమ్మిగనూరు ఇంట్లో సీమంతం. పుట్టింటివాళ్ళు పచ్చచీర, గాజులు, పిండివంటలు, బియ్యం మూట మోసుకుపోవాలి. తల్లి ముందుగా కూతురి ఒడిలో బియ్యం పోయాలి. ఆ తర్వాతే మిగతా ముత్తైదువలు.

"ఒడి నింపేదాంట్లో మొదటి చేయి కన్నతల్లిదే ఉండాల వదినా. మా ఇంట్లో ముందు నుంచీ అట్లే."

"ఉండా గదా నేను."

"ఉండావు. కాదన్ల్యా. సాకినావు, చదివించినావు, పెళ్ళి చేసినావు. కన్నది మాత్రం నీ చెల్లెలు. సంగనకల్లు నుంచి ఓబమ్మను పిలిపిద్దామని..."

కెంచమ్మ గ్లాసు కింద పెట్టింది. అనుపమ ఓబమ్మకు మూడో ఆడపిల్ల. బొడ్డు ఊడకముందే కెంచమ్మ ఒడిలోకి వచ్చింది. కెంచమ్మకు పిల్లలు లేరు. ఈ మాట ఊళ్ళో అందరికీ తెలుసు, ఇన్నేళ్ళూ ఎవరూ ముఖం మీద అనలేదు.

"మా ఇంటి ఆడోళ్ళు అనుకుంటాండారు వదినా. నేనన్ల్యా. కడుపు పండని చేత్తో మొదటి పిడికెడు పడితే బిడ్డకు..."

సంతలో కూడా ఇంతే. ధర తగ్గించాలనుకున్నవాడు తాను తగ్గించడు. మా అన్న ఒప్పుకోడు, మా మామ ఒప్పుకోడు అంటాడు. ఆ అన్నా మామా ఎప్పుడూ సంతకు రారు.

"మీ ఆడోళ్ళు ఏ మాట అన్న్యారు వదినా? గొడ్రాలు అన్న్యారా, బంజె అన్న్యారా? తెలుగులోనా, కన్నడంలోనా?"

"అయ్యో, అట్ల అంటారా ఎవరన్నా!"

"రెండిట్లోనూ అనుంటార్లే. మీది పెద్ద ఇల్లు."

నాగలక్ష్మమ్మ లేచింది. లేచాక గొంతు కూడా మారింది. "ఓబమ్మకు నేనే కబురు పెట్టినా. వస్తానన్న్యాది. నువ్వు పక్కన కూర్చో, మర్యాదకు తక్కువ చెయ్యం. కాదని ముందుకొస్తివా, బియ్యం పళ్ళెం లోపలికి పోతాది. నలుగురిలో బాగుండదు."

"బాగుండదు. నిజమే," అంది కెంచమ్మ. "మొదటి చేయి నాదే వదినా. పళ్ళెం సంగతి ఆ పొద్దు చూసుకుందాం."

వియ్యపురాలి కారు వీధి మలుపు తిరిగేదాకా ఆమె వాకిట్లోనే నిలబడింది. మొదటి బేరంలో తగ్గినవాడు సాయంత్రం దాకా తగ్గుతూనే ఉంటాడు. శుక్రవారం ఒక పిడికెడు బియ్యం వదులుకుంటే, రేపు పురిటి మంచం దగ్గరికి రానివ్వరు. ఆపైన తొట్టెలో బిడ్డను ఎత్తుకోవాలన్నా ఎవరి ముఖమో చూసి ఎత్తుకోవాలి. ఇంత పెంచిన కూతురి ఇంట్లో తాను చుట్టపుచూపు మనిషి అయిపోతుంది. ఇందులో ఇచ్చిపుచ్చుకునే జాగా ఎక్కడా లేదు.

సాయంత్రం అనుపమ వచ్చింది. జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో బిల్లులు చూసే ఉద్యోగం. జగదీశ్ లారీల పనులూ బళ్ళారిలోనే కాబట్టి ఇద్దరూ అద్దె ఇంట్లో ఉంటారు. సంగతి విని ఆమె చెప్పులు కూడా విప్పకుండా గడప మీద నిలబడింది.

"ఈ సీమంతమే వద్దంటానమ్మా. ఫోన్ చేసి చెప్తా."

"నువ్వెవరే వద్దనేదానికి? నీ ఒడి నింపడం నా హక్కు. లోపలికి రా." కెంచమ్మ కూతురి చేతికి మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "ఒకటి చెప్పు. నువ్వు చదువుకున్నావు. ఎనుము ఈనింది అంటాం. కన్నది అనం. మనిషి కన్నది అంటాం. పని ఒకటే గదా, మాటలు రెండెందుకు?"

పక్కన తమలపాకుకు సున్నం రాస్తున్న మొగుడు హంపయ్య తల ఎత్తాడు. "కన్నది అంటే దూడకు బారసాల చెయ్యాల్సొస్తాదని."

"నువ్వు ఆకు నములప్పా."

అనుపమ ఫోన్ తీసి నిఘంటువు వెతికింది. కాసేపు చదువుకుంది. "కను అంటే రెండుండాయమ్మా. ఒకటి చూడడం. కన్ను, కనపడడం, అవి. ఇంకోటి బిడ్డను కనడం."

"చూడడం!" కెంచమ్మ తొడ చరిచింది. "అదీ మాట. కన్నతల్లి అంటే చూసుకున్న తల్లి."

"ఉండమ్మా, ఇంకా ఉండాది. వినేదానికే రెండూ ఒకటి, కుదుళ్ళు వేరు అంటాండారు కొందరు పండితులు. బిడ్డను కనే మాట దూడకు చుట్టమంట. కన్నడంలో కరు, తమిళంలో కన్రు, రెండూ దూడే. ఈనడం కూడా తక్కువ మాటేం కాదంట. తమిళోళ్ళు కన్నతల్లిని ఈన్ర తాయి అంటారంట, గౌరవంగానే."

"చూడడం అన్నావు గదా. నాకది చాలు."

"అది వేరే మాట అంటాండా గదమ్మా!"

"సంతకు తోలుకపోయినప్పుడు మంచి పక్కే జనం వైపు తిప్పి కడతాం పాపా. రెండో పక్క చూసుకునేది కొనేవాని పని."

మర్నాడు పొద్దున్నే కెంచమ్మ సంగనకల్లు ఆటో ఎక్కింది. చెల్లెలు మెత్తని మనిషి. గట్టిగా ఒక మాట అంటే ఒదిగిపోతుంది. శుక్రవారం ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండిపోతే చాలు. ఇది ఆమె వేసుకున్న లెక్క.

ఓబమ్మ కూడా అనుపమ పనిచేసే చోటులాంటి యూనిట్‌లోనే రోజుకూలీకి పోతుంది, వేరే యజమాని దగ్గర. ప్యాంట్ల రంగు పట్టి గోళ్ళు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. పనికి బయల్దేరుతూ జడ వేసుకుంటున్న మనిషి, అక్క మాట ముగిసేదాకా విని, జడ కొసకు రబ్బరు బ్యాండు వేసుకుంది.

"పోతా అక్కా. పిలిచినారు, పోతా."

"వాళ్ళు నీ మీద ప్రేమతో పిలవలేదే. నన్ను పక్కకు తోసేదానికి నిన్ను తెస్తాండారు."

"తెలుసు." ఓబమ్మ గొంతు పెరగలేదు. "పాప పెళ్ళికి వంటింట్లో వడలు కాల్చినా. చిన్నమ్మా అంటే పలికినా. ఎప్పుడన్నా ఏమన్నా అన్న్యానా? ఇప్పుడొక పిడికెడు బియ్యం పోయమంటాండారు. ఎవరు ఎందుకు పిలిచినారో నాకెందుకు? పోస్తా."

"నేను వద్దంటే?"

"అంటే అను. నేను వస్తా."

బేరమాడే మనిషిని ఎంత మొండివాడినైనా కదిలించవచ్చు. బేరమే ఆడని మనిషిని ఏ దలాలీ ఏమీ చేయలేడు. కెంచమ్మ వచ్చిన ఆటోలోనే వెనక్కి వచ్చింది.

శుక్రవారం ఎమ్మిగనూరు ఇల్లు కిటకిటలాడింది. నట్టింట్లో ముగ్గు వేసి పీట వేశారు. పచ్చచీర కట్టుకుని, మోచేతుల దాకా పచ్చగాజులు వేసుకుని అనుపమ కూర్చుంది. పక్కన పళ్ళెంలో బియ్యం, ఎండుకొబ్బరి, పసుపుకొమ్ములు, ఖర్జూరాలు. గోడవారగా ఓబమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని నిలబడింది. చేతులు కొంగులో దాచుకుంది. గోళ్ళ రంగు పోలేదు.

నాగలక్ష్మమ్మ పళ్ళెం ఎత్తుకుంది. "కన్నతల్లి రా అమ్మా," అంది ఓబమ్మ వైపు చూసి.

ఓబమ్మ గోడ విడిచి అడుగు వేసింది. కెంచమ్మ అంతకంటే ముందే పీట దగ్గరికి వచ్చేసింది.

"వదినా, చెప్పినా గదా నీకు..."

"చెప్పినావు. ఇప్పుడు నేను చెప్తా, ఇందరుండారు, విననీ." కెంచమ్మ సంత గొంతు ఎత్తింది. ఆ గొంతుకు వసారాలో మగవాళ్ళ మాటలు కూడా ఆగిపోయాయి. "నేను ఎనుముల దలాలిని. ఎన్నో ఈత అని అడుగుతాం గానీ ఎన్నో కాన్పు అని ఏ ఎనుమునూ అడగం. ఎనుము ఈనుతాది, మనిషి కంటాది. ఎందుకో తెలుసునా? కనడమంటే చూడడం. కొన్ని ఎనుములు ఈనుతాయి, దూడను దగ్గరికి రానీవు, తంతాయి. కొన్ని ఎనుములుంటాయి, తమది కాని దూడ మూతి పెట్టినా పొదుగు చేపి పాలు దింపుతాయి. ఈ పిల్లకు జ్వరమొస్తే చూసింది నేను. బడికి పంపి చూసింది నేను. నవ్వితే చూసింది, ఏడిస్తే చూసింది నేను. మా చెల్లెలు ఈనింది. కన్నది నేను."

ఒక ముసలామె "అబ్బా, యా మాటన్నాదమ్మా!" అని బుగ్గన వేలు వేసుకుంది. వెనక ఎవరో నవ్వారు. సంతలో ఈ నవ్వు కెంచమ్మకు బాగా తెలుసు. ఇది బేరం తెగిన నవ్వు. ఆమె చేయి పళ్ళెం వైపు సాగింది.

"నేను తన్నినానా అక్కా?"

ఓబమ్మ నట్టింటి మధ్యలోనే ఆగిపోయి ఉంది.

"అందరిలో అడుగుతాండా, చెప్పు. పాలు కుడవొచ్చిన పిల్లను నేను తన్నినానా? నువ్వు వచ్చి కూర్చుని ఏడిస్తే ఇచ్చినా. ఇచ్చినాక మూడు దినాలు రొమ్ముకు గుడ్డ కట్టుకుని పడుకున్నా. ఇప్పుడు ఇంతమందిలో నన్ను ఎనుమును చేసినావు."

నాగలక్ష్మమ్మ పళ్ళేన్ని గుండెలకు ఆనించుకుంది. "చూస్తాండారు గదా! తోడబుట్టినదాన్ని గొడ్డుతో పోల్చె. ఈమె చేతికా నేను మొదటి పిడికెడు ఇచ్చేది?"

కెంచమ్మ చాచిన చేయి వెనక్కి తీసుకుంది. లాభం వచ్చిందనుకున్న బేరంలో డబ్బుల సంచి ఖాళీగా కనపడినట్టయింది. ఆ లాభం వియ్యపురాలి దగ్గర్నుంచి రాలేదు, చెల్లెలి దగ్గర లాక్కున్నది. తనను ఒక మాటతో కొట్టారు. ఆ మాటనే పట్టుకుని తాను పక్కనున్న బక్కమనిషిని కొట్టింది. నాగలక్ష్మమ్మకు ఒక్క గీత కూడా పడలేదు.

తప్పు పశువును కొన్నానని తెలిశాక ఇంటిదాకా తోలుకుపోయేవాడు వెర్రివాడు. ఆమె అక్కడే తిరిగి నిలబడింది.

"ఓబీ, తప్పు నాది. మాటలో సగమే చెప్పినా, నాకు పనికొచ్చే సగం. అనుపమా, ఫోన్లో చూసింది మొత్తం చెప్పు."

పీట మీద కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదని ఎవరో అన్నారు. అనుపమ వినిపించుకోలేదు. "బిడ్డను కనడానికీ చూడడానికీ సంబంధం లేదంటారు కొందరు. అది దూడ మాటకు చుట్టమంట. ఈనడం తల్లిని గౌరవంగా అనే మాటే, తమిళంలో ఇప్పటికీ. అమ్మకు ఆ పొద్దే చెప్పినా. వినలా."

"విన్నా. దాచిపెట్టినా." కెంచమ్మ నాగలక్ష్మమ్మ వైపు తిరిగింది. "వదినా, జనం ఎక్కువుంటే నేల ఈనినట్టుండాది అంటాం. నేలకు రోషమొస్తాదా? మీ మడిలో వరి ఈనే కాలానికి సీగి హుణ్ణిమె పున్నమి నాడు అన్నం తీసుకుపోయి చల్లి, వరికి సీమంతం చేస్తారు మీరే. అప్పుడు ఈనడం గొప్ప మాట. కన్నడంలో ఎమ్మె అంటే ఎనుమే, ఊరి పేరులోనే దాన్ని పెట్టుకుని, ఎనుము మాటంటే మీకు తక్కువా? మా చెల్లెలు ఈనింది. గట్టిగా అంటా, దండం పెట్టి అంటా. నేను ఈనల్యా. అదీ గట్టిగానే అంటా. గొడ్డు అంటారా? అనండి. మీ కొట్టంలో పాలిచ్చేదీ గొడ్డే, మీ మడి దున్నిందీ గొడ్డే. ఆ మాటకు నేను చచ్చిపోను. కానీ అనాలంటే నా మొగాన అనండి. దాన్ని అడ్డం పెట్టి నా మీదికి తోలద్దండి. అది నా చెల్లెలు, మీ చేతి ములుగర్ర కాదు."

"ఏరా జగదీశూ! చెప్పేది లేదా నువ్వు?" అని నాగలక్ష్మమ్మ వసారాలోకి కేకేసింది.

"ఆడోళ్ళ పని నాకేం తెలుసమ్మా," అన్నాడు జగదీశ్ గడప అవతల నుంచి.

"అయితే పళ్ళెం లోపలికే." నాగలక్ష్మమ్మ తిరిగి వంటింటి గుమ్మం దాకా పోయింది. "ఆ చేయి పడి రేపు బిడ్డకు ఏమన్నా అయితే?"

"పూచీ నాది. పుట్టిన్నుంచీ అనుపమకు పూచీ నేనే, దాని బిడ్డకు పడనా? నువ్వు బతికినన్నాళ్ళూ అడుగు, నేను బతికినన్నాళ్ళూ చెప్తా." కెంచమ్మ చెల్లెలి దగ్గరికి నడిచింది. ఈసారి సంత గొంతు లేదు. "వాళ్ళు వద్దన్నా పోస్తా ఓబీ. నువ్వు వద్దంటే మాత్రం పోయను. చెప్పు."

ఓబమ్మ కొంగులోంచి చేతులు బయటికి తీసి చూసుకుంది. వద్దంటుందేమోనని కెంచమ్మకు నిజంగానే భయం వేసింది. వద్దంటే ఒప్పుకోవాల్సిందే, మాట ఇచ్చేసింది.

"ముందు నువ్వే బియ్యం పొయ్యి," అంది ఓబమ్మ చివరికి. "నీ తర్వాత నేను. వీళ్ళెవరూ మధ్యలో రాకూడదు. ఇంకొకటి. చిన్నమ్మ అని నేనింక పలకను."

"ఏమని పిలవాల మరి?" అంది అనుపమ.

"నువ్వే చూసుకో. చిన్న అనేది తీసెయ్యి, చాలు."

పళ్ళెం వంటింటి గుమ్మంలో నాగలక్ష్మమ్మ చేతుల్లోనే ఉంది. ఇంతలో జగదీశ్, తన అత్త కెంచమ్మ తెచ్చిన బియ్యం మూటను కారులోంచి మోసుకొచ్చి, పీట పక్కన దించి, ఎవరి ముఖమూ చూడకుండా వసారాలోకి వెళ్ళిపోయాడు. వసారాలో హంపయ్య "మంచి పని చేసినావప్పా, ఇంక కొన్నాళ్ళు మీ అమ్మ దగ్గర అన్నం అడగద్దు" అనడం అందరికీ వినపడింది.

కెంచమ్మ మూట విప్పి దోసిలి నింపుకుంది. అనుపమ కొంగు రెండు చేతులా పట్టి చాచింది. బియ్యం పడ్డాయి. ఆ వెంటనే నీలం గోళ్ళ చేతులు వచ్చి, దోసిలి నిండా పోశాయి. ఒక్క గింజ కింద పడలేదు.

"ఇంకా పొయ్యి అమ్మా," అంది అనుపమ.

అక్కాచెల్లెళ్ళిద్దరూ తల ఎత్తారు. "యా అమ్మ?"

"ఎవరి చేతిలో బియ్యముంటే వాళ్ళు."

బుగ్గన వేలు వేసుకున్న ముసలామె ముందుగా నవ్వింది. నవ్వుతూనే కర్ర పోటు వేసుకుంటూ వచ్చి వరుసలో నిలబడింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. కొందరు గోడవారనే ఉండిపోయి నాగలక్ష్మమ్మ ముఖం చూశారు.

"వదినా," అని పిలిచింది కెంచమ్మ. "మూడో చేయి నీది. రా."

నాగలక్ష్మమ్మ కదల్లేదు. చేయి చాచని కొనుగోలుదారు కోసం సంత ఆగదు. కెంచమ్మ మూటలో చేతులు పెట్టి రెండో దోసిలి నింపుకుంది.